తీపి మీద ఆశ

"వీళ్ళకు తీపి కనపడితే చాలు, నోరు కట్టుకోలేరు" అనేవాడు చిన్నప్పుడు మాకు పాఠం చెప్పిన ఒక అయివారు. నా పిప్పిపన్ను చూసి అన్న మాట అది. ఆయన లెక్కలో తీపి మీద ఆశ కులంతో వచ్చే గుణం.

ఏ కులంలో పుట్టిన పసిబిడ్డకైనా తీపి ఇష్టమే. తల్లిపాలే తియ్యన. తేడా నాలుకలో లేదు, తీపి ఇంటికొచ్చే దారిలో ఉంది. మా లింగాలలో పెద్దకులపోళ్ళ ఇండ్లల్లో బెల్లం అచ్చులు ఏడాది పొడుగునా ఉండేవి. మా మాదిగ గేరిలో సంగటి, ఊరిబిండి. తీపంటే ఉగాది మర్నాడు మాయమ్మ ఊళ్ళోకి పోయి ఒడిలో కట్టుకొచ్చే ఓళిగలు. చెయ్యి చాచి తెచ్చిన తీపి అది. (రుచి మాత్రం బాగుండేది, అబద్ధమెందుకు.) చీనీతోటలో కూలికి పోయి రాలిన కాయ ఏరుకుంటే దొంగలనేవాళ్ళు.

ఏడాదికి రెండు మూడు సార్లు తిన్న ఓళిగలకు పళ్ళు పుచ్చవు. గేరి మొదట్లో బంకు పడి, బిళ్ళలు, చాక్లెట్లు దొరికినాకనే పిల్లోళ్ళ నోళ్ళు చెడినాయి. నోట్లో ఉండే సూక్ష్మక్రిములు చక్కెరను ఆమ్లంగా మారుస్తాయి, ఆ ఆమ్లం పంటి పైపొరను తినేస్తుంది. ఎంత తిన్నామనే దానికన్నా ఎన్నిసార్లు తిన్నాం, ఎంతసేపు పంటికి అంటుకోనుంది అనేదే ముఖ్యం.

ఈ సంగతి ఎట్ల తేలిందో వింటే కడుపు రగులుతుంది. స్వీడన్ దేశంలో లుండ్ పక్కన విపెహోల్మ్ అనే ఆసుపత్రి ఉండేది. బుద్ధిమాంద్యం ఉన్నోళ్ళను అక్కడ ఉంచేవాళ్ళు. 1940ల చివర్లో వాళ్ళకు కావాలనే పంటికి అతుక్కునే మిఠాయిలు రోజుకు చాలాసార్లు తినిపించి, పళ్ళు ఎట్ల పుచ్చుతాయో లెక్క రాసుకున్నారు. దానికి మిఠాయి, చక్కెర వ్యాపారుల డబ్బు కూడా అందింది. తర్వాత ఆ దేశం తన పిల్లలకు శనివారం ఒక్కరోజే మిఠాయి తినమని చెప్పింది. మంచి మాటే. కానీ అది వద్దనే నోరు లేనోళ్ళ పళ్ళతో సంపాదించిన మాట.

మరి ఆ మాట నేను మా గేరిలో చెప్పొచ్చా? చెప్పాల్సిందే, బిడ్డ నొప్పితో రాత్రంతా ఏడుస్తాంటే చూస్తా ఊరుకోలేం. అయితే శనివారం దాకా ఆగే బిడ్డకు మిగతా ఆరు రోజులు కూడు, కనిపెట్టుకునే మనిషి ఉండాలి. అవి లేనిచోట "తినొద్దు" అనేది బుద్ధి చెప్పడం కాదు, ఆ అయివారి మాటే మళ్ళా అనడం.

మా అన్న కోడలికి చెప్పి చూసినా. "నువ్వు చెప్పేది బాగానే ఉంది మామా. అంగన్‌వాడీ మూసినాక, నేను తోట నుంచి వచ్చేదాకా బిడ్డను ఎవరు పట్టుకోవాల? రూపాయి చాక్లెట్టే పట్టుకుంటాంది" అనింది.