వీరెవరని అడిగిన తాత

ధ్యాన భాగము: ఆదికాండము 48:8–20



యాకోబు అవసాన దశలో ఉన్నాడు. ఐగుప్తుకు వచ్చి 17 సంవత్సరములైనది. కన్నులు మసకబారినవి. యోసేపు తన యిద్దరు కుమారులను వెంటబెట్టుకొని వస్తే, ముసలి తండ్రి వారి వైపు తిరిగి వీరెవరని అడిగాడు. సండేస్కూలు బొమ్మలలో మనష్షే ఎఫ్రాయిములను తాత మోకాళ్లయొద్ద పసివాళ్లుగా వేస్తారు గాని, లెక్క వేరు. వారు కరవు రాకమునుపే పుట్టినవారు. కరవులో రెండేండ్లు గడిచిన తరువాత యాకోబు వచ్చాడు. అంటే ఇద్దరును 20 ఏండ్లకు దగ్గరపడినవారో, దాటినవారో అయిన యువకులు. ఉపాధ్యాయ శిక్షణ పొందినవారికి లెక్క సరిచూచే అలవాటు ఒక పట్టాన పోదు.

వారి తల్లి ఆసెనతు ఐగుప్తు యాజకుని కుమార్తె. యోసేపు తన అన్నలతో మాట్లాడినప్పుడు మధ్యన ద్విభాషి ఉన్నాడని 42వ అధ్యాయములో చదువుతాము. అన్నలకు తెలియని ఆ ఐగుప్తు మాటలోనే ఈ పిల్లలు పెరిగి ఉండవలెను. ఇక పెద్దవాని పేరు చూడండి. దేవుడు నా తండ్రి ఇంటిని మరపింపజేశాడని యోసేపు అతనికి మనష్షే అని పేరు పెట్టాడు. మరపుకు గురుతుగా పేరు పొందిన ఆ పిల్లవానిని, మరువబడిన ఇంటి పెద్దయే దగ్గరకు తీసుకొని, రూబేను షిమ్యోనులు ఎట్లు నావారో వీరును అట్లే నావారన్నాడు. మీ భాష ఏదని అడుగలేదు.

మనలో అనేకులము నెల్లూరు, ఒంగోలు ప్రాంతములనుండి పని వెదకుకొనుచు హోసూరు చేరినవారము. తరతరములుగా ఇక్కడనే తెలుగు మాట్లాడుచున్న కుటుంబములును మన సంఘములలో ఉన్నవి. 2006లో వచ్చిన చట్టముతో ఒకటవ తరగతినుండి తమిళము తప్పనిసరి పాఠమై, ఏటికొక తరగతి చొప్పున పెరిగి, 2016 నాటికి పదవ తరగతి పరీక్షకు చేరినది. అన్నము పెట్టిన నేల భాషను పిల్లలు నేర్చుకొనుట మంచిదే. అయితే తెలుగు అక్షరము ఎవరు నేర్పవలెనను ప్రశ్న మాత్రము ఇంటికి వచ్చి కూర్చున్నది.

ఇటీవల మా మనుమరాలి బడి వార్షికోత్సవమునకు మేమిద్దరము అంచెట్టి వెళ్లాము. డెంకణికోట దాటిన తరువాత దారి కొండలలో, అడవిలో సాగుతుంది. ఏనుగులు తిరిగే సీమ అది. 2014లో ప్రకటించిన కావేరి ఉత్తర వన్యప్రాణి అభయారణ్యము ఆ వైపుదే. కాబట్టి పిల్లల సంగీత నాటకము కూడ ఏనుగు కథే. రాగి చేనిలో పడిన ఏనుగును ఊరివారు కొట్టకుండ పాటలు పాడి అడవికి సాగనంపుతారు. పాటలన్నియు తమిళము, నడుమ ఒకటి కన్నడము. మూడవ తరగతి చదువుచున్న మా మనుమరాలికి దొరికిన వేషము ఏనుగు వెనుక కాళ్లు!

బూడిదరంగు దుప్పటి క్రింద ముందు ఒక పిల్లవాడు, వెనుక నడుము వంచి మా పిల్ల. నాటకమంతటిలో ముఖము ఒక్కసారి కనబడలేదు. మా ప్రక్కన కూర్చున్న పెద్దాయన ఊరిపెద్ద వేషము వేసిన బాలుని తాత. "ఉంగ పేత్తి యారు?" అని అడిగాడు. మా ఇంటావిడ కాళ్ల పట్టీలను చూచి ముందే గుర్తుపట్టి ఉన్నది. వచ్చీరాని తమిళములో, "యానై పిన్ కాల్" అన్నది. మహారాణి అని చెప్పినట్లే చెప్పినది. పాటలో సగము ఆమెకు అర్థము కాలేదు. ఏనుగు వేదిక దిగేవరకు పైటకొంగుతో కన్నులు తుడుచుకొనుచునే ఉన్నది.

ఏండ్ల తరబడి బడిపిల్లలచేత నాటకములు వేయించిన అనుభవముతో చెప్పుచున్నాము, వెనుక కాళ్ల వేషము సులువు కాదు. ముందరివాని అడుగు చూడకుండ ఆ అడుగుకు తన అడుగు కలపవలెను. దుప్పటిలో ఉక్కపోయుచున్నను కోరస్ తప్పకూడదు. చప్పట్లు తనకని ఎవరును చెప్పరు.

మనుమలు వృద్ధులకు కిరీటమను భావము సామెతలు 17వ అధ్యాయములో ఉన్నది గనుక, ఈ అతిశయమును మేము తప్పు పట్టము. దానిని తూకము వేయుటయే చిక్కు. యోసేపు పెద్దవానిని తండ్రి కుడిచేతి వైపున జాగ్రత్తగా నిలువబెట్టాడు. యాకోబు చేతులు అడ్డముగా మార్చి చిన్నవాని తలమీద కుడిచేయి ఉంచాడు. యోసేపుకు అది నచ్చక ఆ చేయి పట్టుకొన్నాడు. నాకు తెలియునని తండ్రి చెప్పి మార్చలేదు. ఎఫ్రాయిము ఏ పరీక్షలో నెగ్గాడో, ఏ పాట పాడాడో అక్కడ వ్రాయబడలేదు. మన క్రిస్మస్ కార్యక్రమములలో మాత్రము ఏమి జరుగుచున్నది? తన మనుమడు దేవదూతగా వచ్చినంతసేపు ఫోను పైకెత్తి, వాడు దిగగానే తాతగారు కుర్చీ ఖాళీ చేస్తారు. చివరికి వచ్చే పసిపిల్లల పాట ఖాళీ కుర్చీలు వింటాయి. దేవాలయములో హోసన్నా అని కేకలు వేసిన చిన్నవారు ఎవరి మనుమలో మత్తయి చెప్పలేదు. ప్రభువు వారందరి స్తోత్రమును అంగీకరించాడు.

యాకోబు చేతులుంచి ఊరకుండలేదు. తాను పుట్టినది మొదలుకొని తన్ను మేపిన దేవుని గూర్చి ఆ యువకులు వినుచుండగా పలికాడు. వారికి హెబ్రీ మాట ఎంత అర్థమైనదో గాని, మధ్యన యోసేపు ఉన్నాడు. మన ఇండ్లలో ఆ యోసేపులు మన కుమారులు, కోడండ్లు, కుమార్తెలు, అల్లుళ్లు. మన సాక్ష్యము పిల్లలకు అందునట్లు వారు తమిళములో చెప్పినను సరే.

వార్షికోత్సవము మరునాడు పురుషోత్తమ చౌదరి గారి (1803–1890) కీర్తన ఒకటి నాయనమ్మ పాడుచుండగా పిల్ల నోటుపుస్తకములో వ్రాసుకొన్నది. తెలుగు మాటలు, తమిళ అక్షరములు! కొందరు పెద్దలు దీనికి నొచ్చుకొందురు. రాగము మాత్రము తప్పలేదు. అక్షరములు వేసవి సెలవులలో మొదలుపెట్టవచ్చును.

హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 11వ అధ్యాయములో యాకోబు జీవితమంతటిలోనుండి ఏరిన విశ్వాస కార్యము ఒక్కటే. మరణకాలమందు యోసేపు కుమారులను దీవించుట, చేతికర్రమీద ఆనుకొని దేవునికి మ్రొక్కుట. అతడు యొర్దాను దాటినప్పుడును చేతిలో ఉన్నది ఒక కర్రయే. దాని సంగతి మనుమలు అడిగారో లేదో మనకు తెలియదు. మా ఇంటిలో కర్ర లేదు గాని, ఒంగోలునుండి బయలుదేరిననాడు తెచ్చుకొన్న రేకు పెట్టె ఉన్నది. దాని మూత ఎందుకు సొట్టపోయినదని మనుమరాలు మొన్న ఆదివారము అడిగినది.