మోసపోయినవారిదా సిగ్గు?

మోసం చేయడం ఘోరపాపమని ఇస్లామీయ బోధనలతో కొద్దిపాటి పరిచయం ఉన్నవారికి కూడా తెలుసు. మదీనా బజారులో దైవప్రవక్త (స) ఒక ధాన్యపు రాశిలోకి చేయి పెట్టగా లోపల తడి తగిలిన సంఘటనను మనం చిన్నప్పటి నుండీ వింటున్నాం. తడిసిన ధాన్యాన్ని అడుగున దాచి, పొడి ధాన్యాన్ని పైన పరచిన వర్తకుణ్ణి ఆయన మందలించారు. మోసగించేవాడు తమవాడు కాడని ప్రకటించారు. మోసగాడి విషయంలో తీర్పు ఇంత స్పష్టంగా ఉంది.

మరి మోసపోయినవాడి విషయంలో? ఇంట్లో ఒక పెద్దాయన ఫోను మోసానికి గురై జీవితమంతా కూడబెట్టిన డబ్బు పోగొట్టుకుంటే మన నోట వచ్చే మొదటి మాట ఏమిటి? ‘‘నీకు బుద్ధి ఉందా? ఎవడో అడిగితే నంబరు ఎలా చెప్పావు?’’ ఇదే కదా! దొంగ ఎక్కడో హాయిగా ఉంటాడు. దోషిలా తలవంచుకుని నిలబడేది మన తండ్రి. ఇది న్యాయమేనా? ఈ ప్రశ్న గురించి మనం కాస్త నిదానంగా ఆలోచించవలసిన అవసరం ఉంది.

తీరప్రాంతపు ఇళ్లు

నెల్లూరు తీరంలో కావలి మొదలుకొని అల్లూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు వరకూ ఎన్నో ముస్లిం ఇళ్లలో మగపిల్లలు కువైట్‌లోనో, సౌదీలోనో, దుబాయ్‌లోనో ఉంటారు. మరికొందరు చెన్నై, బెంగళూరులలో ఉంటారు. ఊళ్లో అమ్మీ అబ్బాలే మిగులుతారు. వారికి ఫోను అంటే కొడుకు గొంతు వినిపించే సాధనం. తెలియని విదేశీ నంబరు నుండి ఫోను వస్తే ఎత్తవద్దని చెప్పడం మనకు తేలికే. కాని అలాంటి నంబరు కోసమే రోజంతా ఎదురుచూసే తల్లికి ఆ సలహా ఎలా రుచిస్తుంది?

మోసగాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. ‘మీ అబ్బాయి కేసులో ఇరుక్కున్నాడు, వెంటనే డబ్బు పంపితే విడిపిస్తాం’ అంటారు. ‘బ్యాంకు ఖాతా ఆగిపోతుంది, ఓటీపీ చెప్పండి’ అంటారు. ‘బిల్లు కట్టలేదు, ఈ రాత్రికే కరెంటు తీసేస్తాం’ అని సందేశం పంపుతారు. లాటరీ తగిలిందని ఈమెయిల్ పంపుతారు. తక్కువ ఖర్చుతో ఉమ్రాకు తీసుకెళతామని ఆశపెడతారు. వీటన్నింటికంటే క్రూరమైనది ‘డిజిటల్ అరెస్ట్’. పోలీసు దుస్తుల్లో వీడియో కాల్‌లో కనిపిస్తారు. మీ పేరుతో వచ్చిన పార్శిల్‌లో మాదకద్రవ్యాలు దొరికాయంటారు. గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి కెమెరా ముందు నుండి కదలనివ్వరు. ఎవరికైనా చెబితే జైలే అంటారు.

మన దేశ చట్టంలో డిజిటల్ అరెస్ట్ అనేదే లేదు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి తన ‘మన్ కీ బాత్’ ప్రసంగంలో ఈ సంగతిని దేశ ప్రజలకు వివరించారు. 2025 డిసెంబరు 1న సుప్రీంకోర్టు ఈ తరహా కేసుల దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. 2023లో సైబర్ మోసాల వల్ల ప్రజలు పోగొట్టుకున్న సొమ్ము 7,465 కోట్ల రూపాయలు. 2024లో అది 22,845 కోట్లకు పెరిగిందని కేంద్ర ప్రభుత్వమే పార్లమెంటుకు తెలిపింది.

‘ఇవన్నీ తెలివితక్కువవారికే జరుగుతాయి’ అనుకుంటే అది మన పొరపాటు. 2024లో వర్ధమాన్ గ్రూపు అధినేత, 82 ఏళ్ల పారిశ్రామికవేత్త ఎస్.పి.ఓస్వాల్ ఇలాగే 7 కోట్ల రూపాయలు పోగొట్టుకున్నారు. ఆయన్ను నమ్మించడానికి దుండగులు వీడియోలో ఒక దొంగ సుప్రీంకోర్టునే నడిపారు. 2025లో కడప జిల్లాకు చెందిన ఒక శాసనసభ్యుడు కూడా డిజిటల్ అరెస్ట్ ఉచ్చులో పడి కోటి రూపాయలకు పైగా నష్టపోయారు. కోట్ల వ్యాపారం చేసినవారు, చట్టాలు చేసే సభలో కూర్చునేవారు సైతం మోసపోయారు. అలాంటప్పుడు మన దాదీని ఏమని నిందిస్తాం?

శ్రేయోభిలాషి ముసుగు

దివ్యఖుర్ఆన్‌లో రెండు సంఘటనలను పక్కపక్కన పెట్టి చూడండి. స్వర్గంలో ఆదమ్ (అలైహిస్సలాం) దంపతులను షైతాన్ ఎలా మోసగించాడు? తాను వారి శ్రేయోభిలాషినని ప్రమాణం చేసి మరీ మోసగించాడు (7:21). యూసుఫ్ (అలైహిస్సలాం)ను తండ్రి నుండి వేరుచేయడానికి అన్నలు ఏమని చెప్పారు? తాము తమ్ముడి శ్రేయోభిలాషులమనే చెప్పారు (12:11). రెండుచోట్లా అదే మాట, అదే ముసుగు. ఈనాడు ఫోనులో ‘మీ డబ్బు భద్రత కోసమే అడుగుతున్నాం సార్’ అనేవాడి మాట కూడా ఆ కోవకు చెందినదే.

యాఖూబ్ (అలైహిస్సలాం) దైవప్రవక్త. తోడేలు భయం ఉందని ఆయన ముందే చెప్పారు. అయినా కొడుకుల హామీపై పిల్లవాణ్ణి పంపారు. అగోచర జ్ఞానం అల్లాహ్‌కే ఉంది. మంచివాడు తనవారి మాటను నమ్ముతాడు. అలా నమ్మినందుకు ఖుర్ఆన్ ఆయన్ను నిందించలేదు. రక్తం పూసిన చొక్కా తెచ్చినవారినే దోషులుగా నిలబెట్టింది.

ఆ గాథలోనే మరో ఘట్టం ఉంది. ఏళ్ల తర్వాత యూసుఫ్ పరిమళం తనకు తెలుస్తోందని ఆ వృద్ధ తండ్రి అన్నారు. తనకు మతి చలించిందని మీరు అనుకోకపోతే, అని కూడా ముందే చెప్పుకున్నారు. అయినా ఇంట్లోవారు ఆయన ఇంకా పాత భ్రమలోనే ఉన్నారని కొట్టిపారేశారు (12:94, 95). చివరికి ఎవరి మాట నిజమైందో మనకు తెలుసు. ముసలితనాన్ని మతిలేనితనంగా జమకట్టడం ఇళ్లలో ఎంత పాత అలవాటో గమనించారా!

విశ్వాసి ఒకే పుట్ట నుండి రెండుసార్లు కాటు తినడని హదీసు ఉంది కదా అని కొందరు అడగవచ్చు. నిజమే. అయితే ఆ హదీసు రెండో కాటు గురించి హెచ్చరిస్తోంది. మొదటి కాటు తిన్నవాణ్ణి ఎగతాళి చేయమని చెప్పడం లేదు. పాము కరిచినవాణ్ణి ముందు వైద్యుడి దగ్గరికి తీసుకెళతాం. పుట్టలో చేయి ఎందుకు పెట్టావని ఆ క్షణంలో తిడుతూ కూర్చోం.

కోపానికి చెల్లించే మూల్యం

మోసగాడి అసలు ఆయుధం ‘ఎవరికీ చెప్పవద్దు’ అనే మాట. ఆ మాట పనిచేయడానికి మన ఇంటి వాతావరణమే తోడ్పడితే? కొడుకు కసురుతాడని, కోడలు దెప్పుతుందని, మనవలు నవ్వుతారని భయపడే వృద్ధుడు మోసగాడు చెప్పకపోయినా నోరు మూసుకుంటాడు. అంటే మన కోపం మనకు తెలియకుండానే దొంగకు కాపలా కాస్తోంది.

ఈ మౌనానికి ఖరీదు చాలా ఎక్కువ. డబ్బు పోయిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేస్తే, ఆ సొమ్ము ఒక ఖాతా నుండి మరో ఖాతాకు చేరేలోగా బ్యాంకులు దాన్ని స్తంభింపజేసే అవకాశం ఉంటుంది. ఆలస్యమయ్యే కొద్దీ అది చేయి దాటిపోతుంది. రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన ఆదేశాలు కూడా గమనించదగ్గవి. ఖాతాదారు తన రహస్య సంఖ్యను పొరపాటున ఇతరులకు చెప్పినా, ఆ సంగతి బ్యాంకుకు తెలియజేసిన తర్వాత జరిగే నష్టాన్ని బ్యాంకే భరించాలని వాటిలో ఉంది. కాబట్టి నోరు విప్పిన క్షణం నుండే రక్షణ మొదలవుతుంది.

డబ్బుకు మించిన నష్టం కూడా ఉంది. 2025 సెప్టెంబరులో హైదరాబాదులో 76 ఏళ్ల విశ్రాంత ప్రభుత్వ వైద్యురాలు ఒకరిని దుండగులు దాదాపు మూడు రోజులు డిజిటల్ అరెస్ట్ పేరుతో వేధించారు. 6 లక్షల రూపాయలకు పైగా కాజేశారు. ఆమె గుండెపోటుతో మరణించారు. ఎందరికో ప్రాణం పోసిన చేతులు! ఆ భయాన్ని ఒంటరిగా మోయవలసి వచ్చింది.

వృద్ధాప్యానికి చేరిన తల్లిదండ్రులను ‘ఉఫ్’ అని కూడా అనవద్దని, వారితో గౌరవంగా మాట్లాడమని అల్లాహ్ ఆజ్ఞాపించాడు (17:23). దీన్ని మనం ఒక మర్యాదగానే చూస్తూ వచ్చాం. అది ఇంటికి రక్షణ గోడ కూడా. కసురుకోని ఇంట్లో పెద్దలు ఏ విషయాన్నీ దాచరు. ఏదీ దాచని ఇంట్లో మోసగాడి పాచిక పారడం కష్టం.

ప్రవక్త (స) చూపిన మార్గం

ఇక్కడ మరో చిక్కు ఉంది. ‘తిట్టము సరే, కాని ఫోను, బ్యాంకు పుస్తకం మేమే తీసేసుకుంటాం’ అనే పిల్లలు ఉన్నారు. ఉద్దేశం మంచిదే కావచ్చు. కాని మతిస్థిమితం ఉన్న మనిషి ఆస్తిపై అధికారం ఆ మనిషిదే. వయసు పెరిగినంత మాత్రాన అది రద్దు కాదు. మరి కాపాడటం ఎలా?

దైవప్రవక్త (స) కాలంలో వ్యాపారంలో తరచూ మోసపోయే ఒక వ్యక్తి ఉండేవారు. ఆయన పేరు హబ్బాన్ బిన్ మున్ఖిజ్ (రజి) అని హదీసు వ్యాఖ్యాతలు చెబుతారు. ఆయన గ్రహణశక్తి బలహీనపడింది. ఆయన్ను క్రయవిక్రయాలు చేయనీయకుండా నిషేధించమని ఇంటివారు వచ్చి కోరారు. ప్రవక్త (స) ఆయన్ను పిలిచి వ్యాపారం మానుకోమని చెప్పి చూశారు. అది లేకుండా ఉండలేనని ఆయన అన్నారు. అప్పుడు ప్రవక్త (స) ఆయనపై బలవంతం చేయలేదు. ఏ బేరం చేసినా ఇందులో మోసం ఉండకూడదని ముందే షరతుగా చెప్పమని ఒక మాట నేర్పారు. కొన్న సరుకును తిరిగి ఇచ్చేయడానికి మూడు రాత్రుల గడువు కూడా ఇచ్చారని మరో ఉల్లేఖనంలో ఉంది. (బుఖారీ, ముస్లిం, అబూదావూద్, ఇబ్నుమాజా)

ఎంత సున్నితమైన పరిష్కారమో చూడండి. ఇంటివారు నిషేధం కోరితే ప్రవక్త (స) ఒక మాటను, కొంత గడువును ఇచ్చారు. ఆ మనిషి గౌరవం నిలిచింది. రక్షణా దొరికింది. మోసగాడు మనిషి నుండి లాక్కునేవి కూడా సరిగ్గా ఈ రెండే. ‘ఎవరికీ చెప్పవద్దు’ అని మాటను లాక్కుంటాడు. ‘ఇప్పుడే, ఈ క్షణమే’ అని గడువును లాక్కుంటాడు.

కాబట్టి మన పెద్దలకు మనం కూడా ఒక మాట నేర్పుదాం. ‘‘మా అబ్బాయిని అడిగి చెబుతాను.’’ ఎవరు ఫోను చేసినా, ఏ అధికారి పేరు చెప్పినా ఇదే జవాబు. ఒక గడువు కూడా ఇద్దాం. డబ్బుకు సంబంధించిన ఏ పనైనా కనీసం ఒక రాత్రి గడిచిన తర్వాతే. నిజమైన బ్యాంకు, నిజమైన పోలీసు రేపటి వరకూ ఆగగలరు. ఆగలేనివాడు దొంగ.

ఈ పద్ధతి మన తీరప్రాంతానికి కొత్తదేమీ కాదు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫానును, 2004 డిసెంబరు 26 నాటి సునామీని చూసిన పెద్దలు మన మధ్య ఉన్నారు. సముద్రం గురించి భయంకరమైన వార్త వస్తే ఎవరూ ఒంటరిగా గదిలో తలుపు వేసుకుని కూర్చోరు. పక్కింటివారిని పిలుస్తారు, రేవులో ఎగరేసిన సూచిక నంబరు ఎంతో అడుగుతారు. శాంతికి గాని భయానికి గాని సంబంధించిన వార్త అందినప్పుడు దాన్ని తెలిసినవారి ముందు పెట్టాలన్నది ఖుర్ఆన్ బోధన కూడా (4:83). తుఫాను వార్త విషయంలో పాటించే ఈ వివేకాన్ని ఫోను వార్త విషయంలోనూ పాటిస్తే చాలు.

మనం సరిచేసుకోవలసినవి

అన్ని మోసాలూ భయం మీదే నడవవు. కొన్ని ఆశ మీద నడుస్తాయి. లాటరీ, ఆరు నెలల్లో రెట్టింపయ్యే పెట్టుబడి వంటివి మన ధర్మంలో మొదటి నుండీ జూదం, వడ్డీల కిందికి వచ్చేవే. హలాల్, హరామ్‌ల పట్టింపు ఉన్న ఇంట్లో ఆ ఫోను అక్కడే ఆగిపోవాలి. ఉమ్రా, హజ్‌ల పేరుతో ఎవరైనా డబ్బు అడిగితే, ఆ సంస్థకు గుర్తింపు ఉందో లేదో తెలుసుకోకుండా ఒక్క రూపాయి కూడా ఇవ్వకూడదు.

మన యువకులకూ ఒక మాట. మోసగాళ్లు దోచిన సొమ్మును దాటించడానికి ఇతరుల బ్యాంకు ఖాతాలను వాడుకుంటారు. కొద్దిపాటి కమిషన్‌కు ఆశపడి ఖాతాను, సిమ్ కార్డును అప్పగించే కుర్రవాడు ఆ దోపిడీలో భాగస్వామి. పాపకార్యాల్లో పరస్పరం సహకరించుకోవద్దన్న దైవాజ్ఞ (5:2) వర్తించేది ఇక్కడే. మన పెద్దల కోసం కన్నీరు కార్చి, వేరొకరి పెద్దల సొమ్ము మన ఖాతా గుండా పోనిస్తే ఆ కన్నీటికి విలువేముంది?

ఈ రాత్రి ఇషా నమాజు తర్వాత మన ఇంటి పెద్దల దగ్గర కాసేపు కూర్చుందాం. ఎవరైనా అనుమానాస్పదంగా ఫోను చేశారా అని ప్రేమగా అడుగుదాం. ఏదైనా జరిగిందని చెబితే, ‘‘తప్పు మీది కాదు, వాడిది’’ అనే మాట ముందు చెప్పి, ఆ తర్వాత 1930కి ఫోను చేద్దాం. గల్ఫ్‌లో ఉన్న కుమారులు కూడా తాము ఏ నంబరు నుండి, ఏ వేళకు ఫోను చేస్తారో ఇంట్లో ముందే చెప్పి ఉంచాలి.

మనం చిన్నపిల్లలుగా ఉన్నప్పుడు ఎన్నిసార్లు పడిపోయామో, ఎన్ని వస్తువులు పోగొట్టుకున్నామో వారు లెక్కపెట్టలేదు. పడిన ప్రతిసారీ ముందు ఎత్తుకున్నారు. ఇప్పుడు ఆ వంతు మనది. మోసగాళ్ల కీడు నుండి మన పెద్దలను అల్లాహ్ కాపాడుగాక! వారి పట్ల మన నాలుకలకు మృదుత్వాన్ని, మన హృదయాలకు సహనాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.