జానపదం అని రాస్తే సరిపోతుందా?

2021లో రెండు సినిమా పాటలు మన ఊళ్లన్నిటా మోగాయి. ఒకటి ‘లవ్ స్టోరీ’లోని సారంగ దరియా. దాని పల్లవి అంతకుముందే జనంలో ఉంది. ‘రేలా రే రేలా’ టీవీ కార్యక్రమంలో ఆ పాట పాడిన కోమలి, మరి నా పేరేదీ అని అడిగింది. అది జానపదమనీ, పల్లవి ఉంచి చరణాలు తానే రాశాననీ సుద్దాల అశోక్ తేజ చెప్పారు. చివరకు దర్శకుడు శేఖర్ కమ్ముల ఆమెకు పేరూ పారితోషికమూ ఇస్తామన్నారు. రెండోది ‘భీమ్లా నాయక్’ టైటిల్ పాట. అందులో దక్కలి కళాకారుడు కిన్నెర మొగులయ్యనే పిలిచి ఆయన గొంతుతోనే మొదలుపెట్టారు. పన్నెండు మెట్ల కిన్నెరను రాష్ట్రమంతా చూసింది. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2024లో అదే మనిషి కూలిపని చేస్తున్న ఫొటోలు పత్రికల్లో చూశాం.

పాటను గౌరవించడమూ, పాటకు పడ్డ బాకీ తీర్చడమూ ఒకటేనా?

ఈ ప్రశ్న మనకంటే ముందు అమెరికాలో నలిగింది. మిసిసిపి పత్తి చేలల్లో బానిసత్వం పోయినా, అప్పుల కింద భూస్వాములకు పాలుకు చేసిన నల్లజాతి వాళ్ల పాట బ్లూస్. వెట్టి సంగతి తాతల నోట విన్నవాళ్లకు ఆ బతుకు వేరే చెప్పనక్కర్లేదు. వాళ్లలో రాబర్ట్ జాన్సన్ అనే యువకుడు 1936, 1937లలో టెక్సస్‌లో 29 పాటలు రికార్డు చేసి, 1938లో 27 ఏళ్లకే చనిపోయాడు. ఆ పాటల మీద ప్రాణం పెట్టుకున్న ఇంగ్లండ్ రాక్ గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్, 2004లో ‘మీ అండ్ మిస్టర్ జాన్సన్’ అని ఒక ఆల్బం తెచ్చాడు. అందులోని 14 పాటలూ జాన్సన్‌వే. గురువు పేరు అట్ట మీదే వేశాడు. ఆయన భక్తిని నేను శంకించను.

అయితే నాకు ఆ ఆల్బం కంటే దానికి ఆరేళ్ల ముందు జరిగిన సంగతి పెద్దదిగా కనిపిస్తుంది. 1998లో మిసిసిపి కోర్టు ఒకటి, క్లాడ్ జాన్సన్ అనే ఆయన్ను రాబర్ట్ జాన్సన్ కొడుకుగా, వారసుడిగా గుర్తించింది. ఆయన కంకర లారీ డ్రైవరు. తండ్రి పాటలు ప్రపంచమంతా తిరుగుతుంటే కొడుకు కంకర తోలుకుంటూ బతికాడు. అరవై ఏళ్లు ఆలస్యమైనా బాకీ ఇంటికి దారి వెతుక్కోగలిగిందంటే, పాట పక్కన ఒక పేరు రాసి ఉంది గనకే. ఆ పేరు రాయనప్పుడు ఏమవుతుందో విల్లీ డిక్సన్ సంగతి చెబుతుంది. లెడ్ జెప్పెలిన్ బృందం 1969లో తెచ్చిన ఒక పెద్ద హిట్ పాటలో తన మాటలున్నాయని ఆయన 1985లో కేసు వేయాల్సి వచ్చింది. 1987లో రాజీ కుదిరింది.

పాటలన్నీ అట్లా ఒకరి నుంచి ఒకరికి వచ్చినవే కదా, జాన్సన్ మాత్రం పాతవాళ్ల దగ్గర తీసుకోలేదా అని అడగొచ్చు. తీసుకున్నాడు. ఒకే చేను గట్టున కూర్చున్నవాళ్లు ఒకరి బాణీ ఒకరు అందుకోవడం, రికార్డు కంపెనీ ఉన్నవాడు అందుకోవడం నాకు ఒక్కలాగా తోచవు. మొదటివాడు తీసుకుంటే పాట ఆ ఊళ్లోనే ఉంటుంది, రేపు మరొకడు దాన్ని మారుస్తాడు. రెండోవాడు తీసుకుంటే దానికి యజమాని పుడతాడు.

ఇంకో మాట తరచూ వింటాం: ఆదివాసీ పాట అందరిదీ, కాబట్టి ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు. ఈ మాట అనేవాళ్లకు మన కట్టు తెలియదు. ఆదిలాబాద్ గోండుల్లో గోత్రకథను కిక్రి మీద పాడేది పర్ధాన్‌లు. ఏ పర్ధాన్ ఇల్లు ఏ గోండు ఇళ్లకు పాడాలో తరతరాలుగా ఖాయం. పెళ్లికో చావుకో పాడితే ధాన్యమో, బట్టో, పశువో ముట్టజెప్పాలి. అది దానం కాదు, ఆనవాయితీగా రావాల్సింది. మన కోయల్లో డోలీలు పడిగె విప్పి వంశాల కథ చెబుతారు. సమ్మక్క సారలమ్మ కథను కోయలోనూ తెలుగులోనూ పాడిన మణుగూరు మండలం కూనవరం సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024లో ఆయన వెళ్లిపోయారు. పాట గూడెం అందరిదైనా పాడే హక్కుకు మనిషి ఉన్నాడు, వినేవాడికి బాధ్యత ఉంది. కాపీరైట్ చట్టం 1957లో వచ్చింది; మన లెక్క అంతకంటే పాతది.

మేడారం జాతర దగ్గరపడితే హనుమకొండ బస్టాండు చుట్టూ సమ్మక్క పాటలే. యూట్యూబులోనూ అవే. పాడినవారు, రాసినవారు, కెమెరా పట్టినవారు, చివరికి డ్రోను తిప్పినవారి పేరూ కింద ఉంటుంది. బాణీ ఎక్కడిదో అనే చోట మాత్రం ‘జానపదం’ అన్న ఒక్క ముక్క. ఆ ముక్క వెనక ఎవరి అమ్మమ్మ ఉందో!

బయటివాళ్లను అనడం సులువు. ఇప్పుడు ఫోను మన పిల్లల చేతిలోనూ ఉంది, మన టీచర్ల చేతిలోనూ ఉంది. గూడెంలో ముసలామె దగ్గర పాట రికార్డు చేసి, హనుమకొండ కాలేజీ వార్షికోత్సవంలో పాడి, తన పేరుతో ఛానెల్‌లో పెట్టుకునే యువకుడు ఆ ముసలామె ఎదుట ఒక చిన్న క్లాప్టనే. క్లాప్టన్ కనీసం గురువు పేరు వేశాడు. కాబట్టి మా బడి పిల్లలకు నేను పాటతోపాటు రాసుకు రమ్మనేది ఇది: పాడినామె పేరు, ఊరు, గోత్రం, ఆమెకు నేర్పింది ఎవరు, ఏ నెలలో ఏ పనికి పాడతారు. రూపాయి వస్తే ఎంత భాగం అని ముందే ఆమెతో అనుకోవాలి. కొన్ని పాటలు పెళ్లివి, కొన్ని చావువి, కొన్ని వేల్పు ముందు తప్ప పాడరానివి. బయట పాడొచ్చా అవ్వా అని అడగాలి. వద్దంటే ఫోను జేబులో పెట్టుకొని, ఆమె పక్కన కూర్చొని వినాలి.