చేవ్రాలు, హాజరు, వాటా: కంపెనీలకు పంపే అర్జీల నైతిక ప్రాతిపదిక

ఉపోద్ఘాతం

ఒక కంపెనీ చేసే పనివల్ల నష్టపోయేవారు ఒకచోట ఉంటారు. ఆ పని ఆపమని కోరుతూ సంతకం చేసేవారు తరచుగా మరొకచోట ఉంటారు. కొండమీది అడవి కోసం పట్టణంలోని విద్యార్థి సంతకం చేస్తాడు. కుట్టుమిషను ముందు కూర్చున్న స్త్రీ క్షేమం కోసం, ఆమె కుట్టిన చొక్కా తొడుక్కున్న దూరదేశీయుడు సంతకం చేస్తాడు. ఇటువంటి అర్జీలు కొన్ని ఫలించాయి, కొన్ని కాగితాలుగానే మిగిలాయి. ఆ జయాపజయాల లెక్క ఈ వ్యాసానికి విషయం కాదు. బాధితుడు కాని వ్యక్తి ఏ అధికారంతో సంతకం చేస్తున్నాడు, ఆ సంతకానికి నైతిక బలం ఎక్కడినుంచి వస్తుంది అన్నదే ఇక్కడి ప్రశ్న. సంఖ్య నుంచి వస్తుందా, జాలి నుంచి వస్తుందా, మరొకదాని నుంచి వస్తుందా? తెలుగులో అర్జీకి ఉన్న పదాలను, కొన్ని చారిత్రక సందర్భాలను ఆధారం చేసుకొని ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పదాలు చెప్పే సంబంధాలు

‘విన్నపం’ విజ్ఞాపన శబ్దానికి తద్భవం. తెలియజేయడం దాని మూలార్థం. ‘అర్జీ’ అరబ్బీలో పుట్టి, పారశీక, హిందుస్తానీ భాషల మీదుగా మన పరిపాలనా వ్యవహారంలోకి వచ్చిన మాట. పైవారి ముందు విషయాన్ని ఉంచడం అనే భావం అందులో ఉంది. ఈ రెండు పదాలూ ఒక అసమాన సంబంధాన్ని ముందే అంగీకరిస్తాయి. అడిగేవాడు కింద ఉంటాడు, వినేవాడు పైన ఉంటాడు. అయితే ఆ అసమానతలోనే అడిగేవాడికి ఒక ఆధారం కూడా ఉంది. ప్రజల మొర వినడం రాజధర్మం. వినని రాజు ధర్మం తప్పినవాడవుతాడు. కనుక విన్నపం వంగి చేసినదైనా, వినవలసినవాడిని ధర్మానికి కట్టివేస్తుంది.

కంపెనీ రాజు కాదు. దానికి మొర వినే ధర్మం ఉన్నదా? లేదన్న వాదాన్ని బలంగా వినిపించినవాడు ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్. వ్యాపారానికి ఉన్న సామాజిక బాధ్యత నియమాలకు లోబడి లాభాన్ని పెంచడమేనని, వాటాదారుల సొమ్మును నిర్వాహకులు పరోపకారానికి వెచ్చించడం తగదని 1970లో ఆయన వాదించాడు. భారతదేశపు కంపెనీల చట్టం, 2013 ఈ వాదాన్ని పూర్తిగా అంగీకరించలేదు. దాని 166వ సెక్షను డైరెక్టర్ల కర్తవ్యాలలో ఉద్యోగుల, సమాజపు శ్రేయస్సును, పర్యావరణ పరిరక్షణను కూడా చేర్చింది. 135వ సెక్షను నిర్దిష్ట స్థాయికి మించిన కంపెనీలు తమ సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక కార్యక్రమాలకు వెచ్చించాలని చెప్పింది. ఈ రెండు సెక్షన్ల స్వభావం ఒకటి కాదు. రెండవది ఆచరణలో దానంలా కనిపించే అవకాశం ఉంది. మొదటిది జవాబుదారీతనానికి సంబంధించినది. నదిని పాడుచేసిన సంస్థ ఆ ఒడ్డునే బడి కట్టించి ఇస్తే దానం జరిగిందేమో గాని, జవాబు చెప్పినట్లు కాదు. కంపెనీకి పంపే అర్జీ దానాన్ని కోరేది కాదు, జవాబును కోరేది. కాబట్టి విన్నపం, అర్జీ అనే మాటలు దాని స్వభావాన్ని పూర్తిగా పట్టి చూపలేవు.

ఇక్కడ ‘మహజరు’ అనే మాట ఉపకరిస్తుంది. పలువురు సంతకాలు చేసిన సామూహిక పత్రానికి ఇది వాడుకలో ఉన్న పేరు. సంఘటనా స్థలంలో సాక్షుల ఎదుట రాసే పత్రాన్ని కూడా మహజరు అనడం రెవెన్యూ, పోలీసు వ్యవహారంలో ఉంది. ‘హాజరు’, ‘మహజరు’ ఒకే అరబ్బీ ధాతువు నుంచి వచ్చినవి. ఆ ధాతువుకు అర్థం ఎదుట ఉండటం. అంటే మహజరులోని చేవ్రాలు బలం పొందేది చేసినవారి సంఖ్యవల్ల కాదు, వారు అక్కడ ఉన్నారు, చూశారు అన్నందువల్ల. ఈ కోణం నుంచి చూస్తే మన ప్రశ్న మరింత జటిలమవుతుంది. హాజరులో లేనివాడు మహజరు మీద చేవ్రాలు చేయవచ్చునా?

దూరపు సంతకానికి ఆధారం

ఈ ప్రశ్నకు తొలి సమాధానాలలో ఒకటి 18వ శతాబ్దపు ఇంగ్లండులో కనిపిస్తుంది. 1791లో బానిస వ్యాపార నిషేధ ప్రతిపాదనను బ్రిటిష్ పార్లమెంటు తిరస్కరించింది. ఆ ఏడాదే విలియం ఫాక్స్ ఒక కరపత్రం ప్రచురించి, వెస్టిండీస్ చక్కెరను మానివేయమని జనాన్ని కోరాడు. చక్కెర కొనేవాడు బానిసత్వానికి బయటి ప్రేక్షకుడు కాడని, దానికి మూలకారకులలో ఒకడని అతని వాదం. సుమారు 3 లక్షల మంది చక్కెర మానివేశారని ఉద్యమ నాయకుడు థామస్ క్లార్క్‌సన్ అంచనా వేశాడు. 1792లో పార్లమెంటుకు 519 అర్జీలు చేరాయి. అర్జీల మీద సంతకానికి సాధారణంగా చోటు దక్కని స్త్రీలు వంటింటి నిర్ణయం ద్వారా ఈ ఉద్యమంలో పాల్గొన్నారు.

ఫాక్స్ వాదంలోని సారాన్ని ‘వాటా’ అనే మాటతో చెప్పవచ్చు. దూరాన ఉన్నవాడికి హాజరు లేదు, కాని వాటా ఉంది. వాటాదారుగా, కొనుగోలుదారుగా, పింఛను నిధిలో సభ్యుడిగా ఆ అన్యాయపు ఫలంలో అతనికి భాగం ముడుతోంది. కనుక అతడు బాధితుని తరఫున మాట్లాడనక్కరలేదు. తన వాటా గురించి తాను మాట్లాడవచ్చు. ‘నా సొమ్ముతో ఇది జరగరాదు’ అని చెప్పడానికి అతనికి ఎవరి అనుమతీ అవసరం లేదు. ఇది జాలి కాదు, తన లెక్కను తాను సరిచూసుకోవడం.

అయితే వాటా ఒక్కటే చాలదు. చక్కెర మానినవారికి అక్కడ ఏమి జరుగుతున్నదో ఎవరు చెప్పాలి? 1789లో ఒలౌడా ఎక్వియానో, తాను బానిసగా జీవించిన చరిత్రను స్వయంగా రాసి ప్రచురించాడు. ఆ పుస్తకాన్ని వెంటబెట్టుకొని బ్రిటన్ అంతటా తిరిగాడు. హాజరున్నవాడి సాక్ష్యం, వాటా ఉన్నవాడి నిరాకరణ ఆ ఉద్యమంలో ఒకదానికొకటి తోడయ్యాయి. ఈ రెండూ విడిపోయినప్పుడు ఏమవుతుందో తర్వాతి చరిత్ర చెబుతుంది.

హాజరు లేని కరుణ

1990ల ఆరంభంలో, బాలకార్మికులు తయారుచేసిన వస్తువుల దిగుమతిని నిషేధించే బిల్లు అమెరికా కాంగ్రెసు ముందుకు వచ్చింది. కొనుగోలుదారుల అంతరాత్మ నుంచి పుట్టిన ఒత్తిడి అది. బిల్లు చట్టం కాకముందే, మార్కెట్టు పోతుందన్న భయంతో బంగ్లాదేశ్ దుస్తుల ఫ్యాక్టరీలు పిల్లలను పనిలోంచి తీసివేశాయి. అలా పని పోయినవారు సుమారు 50,000 మంది అని, వారిలో చాలామంది రాళ్లు కొట్టడం వంటి మరింత ప్రమాదకరమైన పనులలోకి, కొందరు వ్యభిచారంలోకి నెట్టబడ్డారని యూనిసెఫ్ 1997 నివేదికలో పేర్కొంది. పిల్లలను బడిలో చేర్చి, కుటుంబానికి భృతి ఇచ్చే ఒప్పందం 1995లో గాని కుదరలేదు. ఇక్కడ దూరపువారి ఉద్దేశంలో దోషం లేదు. తమ వస్తువులో బాలశ్రమ ఉండరాదన్న కోరికా న్యాయమైనదే. కాని ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చిన బిడ్డ ఎక్కడికి పోతుందన్న ప్రశ్నకు జవాబు చెప్పగలవారిని ముందుగా అడగలేదు. తన చేతిని శుభ్రం చేసుకోవడమే లక్ష్యమైనప్పుడు, ఎదుటివారి బ్రతుకు ఆ చేయి కడిగిన నీరవుతుంది.

అదే దేశంలో రెండు దశాబ్దాల తర్వాత జరిగిన ఘటన మరో పాఠం చెబుతుంది. 2013 ఏప్రిల్ 23న ఢాకా సమీపంలోని రానా ప్లాజా భవనంలో పగుళ్లు కనిపించాయి. భయపడిన కార్మికులను మరునాడు మళ్లీ లోపలికి పంపారు. 24న భవనం కూలి 1,100 మందికి పైగా మరణించారు. పగుళ్లను చూసినవారు కార్మికులే. హాజరు వారిది, సాక్ష్యం వారిది. కాని ఆ సాక్ష్యానికి బలం లేదు. ఆ తర్వాత ప్రపంచవ్యాప్తంగా లక్షలాది సంతకాలు విదేశీ బ్రాండ్ల మీద ఒత్తిడి తెచ్చాయి. మే నెలలో కుదిరిన ఒప్పందంలో కార్మిక సంఘాలు సంతకందారులయ్యాయి. ఆ ఒప్పందం చట్టబద్ధంగా అమలుచేయదగినది. ప్రమాదకరమైన భవనంలోకి వెళ్లనని చెప్పే హక్కును అది కార్మికునికి గుర్తించింది. దూరపు సంతకం ఇక్కడ కార్మికుని మాటకు బదులుగా నిలవలేదు, ఆ మాట చెల్లుబాటు కావడానికి తోడ్పడింది. ఈ రెండు సందర్భాల మధ్య నైతికమైన తేడా అంతా ఇందులోనే ఉంది.

నియమగిరి: పన్నెండు పల్లెల తీర్పు

ఒడిశాలోని నియమగిరి కొండలు డోంగ్రియా కోంధుల ఆవాసం, వారి దైవమైన నియమరాజు నివాసం. వారి కువి భాష తెలుగుతోపాటు దక్షిణ మధ్య ద్రావిడ శాఖకు చెందినది. ఆ కొండమీది బాక్సైటును కింద లంజిగఢ్‌లోని వేదాంత శుద్ధి కర్మాగారానికి తరలించాలన్న ప్రతిపాదన మీద దీర్ఘ వివాదం సాగింది. 2007లో నార్వే ప్రభుత్వ పింఛను నిధి ఆ కంపెనీని తన పెట్టుబడుల జాబితానుంచి తొలగించింది. 2010 ఫిబ్రవరిలో చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ తన వాటాలను అమ్మివేసింది. ఇవి వాటా ఉన్నవారి చర్యలు. అదే కాలంలో ఒక అంతర్జాతీయ సంస్థ, డోంగ్రియాల స్థితిని ‘అవతార్’ చిత్రంలోని కల్పిత జాతితో పోల్చి ప్రకటన ఇచ్చింది. ఆ పోలిక లోకం దృష్టిని ఆకర్షించింది. అయితే సాగు చేసి, సంతకు వెళ్లి, పరిపాలనతో వాదించే మనుషులను అది ఒక కథలోని పాత్రలుగా కూడా మార్చింది.

2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, తమ మతపరమైన, సాంస్కృతికమైన హక్కులకు భంగం కలుగుతుందా లేదా అన్నది గ్రామసభలే పరిశీలించాలని ఆదేశించింది. జూలై, ఆగస్టు నెలలలో జిల్లా న్యాయమూర్తి స్థాయి అధికారి సమక్షంలో 12 పల్లెలు సమావేశమై, 12 కూడా తవ్వకాన్ని తిరస్కరించాయి. నూరుకు పైగా పల్లెలున్న చోట పన్నెండింటినే ఎంచడం విమర్శకు గురైంది. అయినా ఆ సభల స్వరూపం గమనింపదగినది. ప్రపంచమంతటా పోగైన సంతకాలతో పోలిస్తే ఆ పల్లెల ఓటర్లు పిడికెడు మంది. నిర్ణయం మాత్రం వారిదే అయింది. నిజమైన అర్థంలో మహజరు అదే.

తెలుగునేల మీద 1997 నాటి సమత తీర్పునూ ఇక్కడ స్మరించవచ్చు. అనంతగిరి మండలంలోని బొర్రా ప్రాంతపు గనుల లీజుల వివాదంలో, షెడ్యూల్డు ప్రాంతాల భూబదలాయింపు నిబంధనలోని ‘వ్యక్తి’ అనే మాటలో ప్రభుత్వం కూడా చేరుతుందని సుప్రీంకోర్టు నిర్ణయించింది. గిరిజనేతరులైన ప్రైవేటు కంపెనీలకు అక్కడి ప్రభుత్వ భూమిని లీజుకు ఇవ్వడం చెల్లదన్నది. రక్షకుడినని చెప్పుకొనేవాడికీ హద్దు ఉందన్న సూత్రం ఇందులో ఉంది. రాజ్యానికి వర్తించిన ఆ హద్దు, సదుద్దేశంతో సంతకం చేసేవాడికి నైతికంగా వర్తించదా?

రెండు ఆక్షేపణలు

హాజరున్నవారంతా ఒకే మాట చెప్పరు కదా అన్నది మొదటి ఆక్షేపణ. ఇది నిజం. కర్మాగారంలో పనిచేసే స్థానికుడూ హాజరున్నవాడే, అతని జీతమూ వాస్తవమే. అర్జీ రాసేవారు తమకు అనుకూలమైన స్థానికుణ్ణి మాత్రమే ‘ప్రజలు’ అని పిలిస్తే అది సాక్ష్యాన్ని ఏరుకోవడమవుతుంది. కనుక దూరపువారు కోరదగినది ఒక పక్షపు విజయం కంటె ముందు, భయం లేకుండా, సమాచారం దాచకుండా అందరూ మాట్లాడగల సభ. ఇది మధ్యస్థుని తటస్థత కాదు. మాట్లాడితే నష్టపోయే స్థితిలో ఎవరున్నారో చూసి, వారి పక్షాన నిలబడటం ఇందులో భాగమే.

నదికి, పశుపక్ష్యాదులకు, పుట్టబోయేవారికి హాజరు వేయించుకొనే వీలే లేదు కదా అన్నది రెండవ ఆక్షేపణ. ఇది మరింత బరువైనది. అక్కడ ఎవరో ఒకరు తరఫున మాట్లాడక తప్పదు. అయితే తప్పనిసరి ప్రాతినిధ్యం నిరంకుశ ప్రాతినిధ్యం కానక్కరలేదు. నది గురించి మాట్లాడేవాడు ఆ నీరు తాగేవారి ప్రశ్నకు నిలవాలి, కొత్త సాక్ష్యం వస్తే తన మాట దిద్దుకోవాలి. బదులు చెప్పలేనివారి తరఫున మాట్లాడేవాడికి బాధ్యత ఎక్కువే గాని తక్కువ కాదు.

ముగింపు

కంపెనీకి పంపే అర్జీ మీది దూరపు సంతకం సాక్ష్యం కాజాలదు. అది తన వాటాను అంగీకరించి, ఆ వాటాకు జవాబు కోరే చర్య. దాని బలం సంఖ్యలో లేదు. సంఖ్య కంపెనీని భయపెట్టగలదు, న్యాయాన్ని నిర్ణయించలేదు. దూరపు సంతకం హాజరున్నవారి మాటకు చోటు కల్పించినప్పుడు ధర్మబద్ధమవుతుంది. ఆ చోటును తానే ఆక్రమించినప్పుడు, ఎంత కరుణతో చేసినదైనా, మరొక రకమైన అధికారమవుతుంది. వాటాలు అమ్మివేసి తప్పుకోవడంతో కూడా బాధ్యత తీరదు. అమ్మిన వాటాను కొనేవాడు ఒకడుంటాడు, కొండ అక్కడే ఉంటుంది. తప్పుకున్న తర్వాత అక్కడివారి మాట ఎవరైనా వింటున్నారా అని చూడటం సంతకంలో మిగిలిపోయే ఋణం. చేవ్రాలు చేయడానికి ఒక్క క్షణం చాలు. దాన్ని నిలబెట్టుకోవడానికి పట్టే కాలం ఆ కొండమీదివారు పోరాడే కాలమంత ఉంటుంది.