ఎవరి చెప్పులు సరిచేశావు?

జుమ్మా రోజు మధ్యాహ్నం మా అల్లవరంలో మసీదు గుమ్మం దగ్గర నిలబడితే ఎవరి బతుకేమిటో చెప్పుల్ని చూసి చెప్పెయ్యొచ్చు. రొయ్యల చెరువు మీద కాపలా ఉండేవాడి హవాయి చెప్పులు - మడమ దగ్గర అరిగిపోయి, పట్టీకి పిన్నీసు గుచ్చి ఉంటాయి. దర్జీ తోలు చెప్పులు. ఓడలరేవు టెర్మినల్లో కాంట్రాక్టు పని చేసేవాడి బరువైన బూట్లు. ఆ శుక్రవారం వాటి మధ్య ఒక తెల్లటి కొత్త జత మెరుస్తోంది. పక్కన మూడు నల్ల చారలు.

అవి మా ఆపా కొడుకువి. పంతొమ్మిదేళ్లవాడు. అమలాపురంలో డిగ్రీ చదువుతున్నాడు. వాళ్లమ్మ తొమ్మిదేళ్లుగా కువైట్‌లో ఒకరింట్లో పని చేస్తోంది. కోనసీమలో ఇది వింత కాదు. ఏ వీధిలో చూసినా ఒక అమ్మో, ఒక అక్కో ఎడారిలో ఉంటుంది. ఇక్కడ పిల్లలు అమ్మని ఫోన్లో చూస్తూ పెరుగుతారు.

నమాజు అయ్యాక ఒక పెద్దాయన వాడి బూట్లు చూసి, "ఏం రా, నమాజుకొచ్చావా, నాచ్‌గానాకొచ్చావా?" అన్నాడు. వాడు ర్యాప్ పాటలు పాడతాడని ఊళ్లో అందరికీ తెలుసు. అంతకు రెండ్రోజుల ముందు అమలాపురంలో ఒక కొట్టువాడు అవే బూట్లు చూసి, "సాయిబులకి ఇంత ఖరీదు బూట్లు ఎక్కణ్ణుంచొస్తాయిరా? గల్ఫ్ సొమ్మేగా!" అన్నాడట. ఒకడికి వీడు చాలినంత ముసల్మాను కాదు. ఇంకొకడికి ముసల్మాను తప్ప ఇంకేమీ కాదు!

ఆ రాత్రి వాడు నా దగ్గరికొచ్చి కూర్చున్నాడు.

"మామూ, అవి ఒరిజినల్ కాదు. డూప్లికేట్. అమ్మ అసలువే కొనుక్కోమని డబ్బు పంపింది. నేను ఆ డబ్బుతో మైకు కొన్నా. మిగిలినదాంతో ఇవి. అమ్మకి ఫోన్లో చూపించి అసలువే అని చెప్పా. ఫ్రెండ్సుకీ అదే చెప్పా."

కాసేపాగి అడిగాడు. "డూప్లికేట్ వేసుకున్నవాడు డూప్లికేట్ అయిపోతాడా మామూ?"

పాతికేళ్లుగా పత్రికల్లో పని చేస్తున్నాను. ఇంత సూటి ప్రశ్న నన్నెవరూ అడగలేదు. ఎందుకంటే ఇది బూట్ల గురించి ప్రశ్న కాదు. నా గురించీ, మీలో చాలామంది గురించీ.

మేము కోస్తా సాయిబులం. ఇంట్లో అమ్మీ మాట్లాడేది తురక మాట. అందులో సగం తెలుగే. కొన్ని ఇళ్లల్లో అదీ లేదు, పూర్తిగా తెలుగే. నేను హైదరాబాదొచ్చిన కొత్తల్లో పాతబస్తీలో ఒక హోటల్లో చాయ్ అడిగితే పక్క బల్ల మీదవాళ్లు నవ్వారు. "ఆంధ్రా ఉర్దూ" అన్నారు. ఆ సిగ్గుతో రాత్రిళ్లు కూర్చుని ఉర్దూ చదవడం, రాయడం నేర్చుకున్నాను. ఉద్యోగంలో చేరిన ఆఫీసులోనేమో, "అరే, మీ తెలుగు ఎంత బాగుందండీ!" అని మెచ్చుకునేవారు. నా తెలుగు బాగుండక ఇంకెలా ఉంటుంది? గోదావరి నీళ్లు తాగినవాణ్ణే కదా! ఆ మెచ్చుకోలు వెనకున్న అర్థం ఒక్కటే - ఇది నీది కాదు, అరువు తెచ్చుకుని బాగా వాడుతున్నావు అని. ఉర్దూలో నేను డూప్లికేటు. తెలుగులోనూ డూప్లికేటే. దూదేకుల సోదరుల్ని అడగండి, ఈ మాట వాళ్లు ఇంకా బాగా చెబుతారు. తురకలకి వాళ్లు సగం తురకలు. మిగిలినవాళ్లకి పూర్తి తురకలు.

అందుకే "అసలు", "నకిలీ" అనే మాటలు వింటే నాకు ముందు ఒక అనుమానం వస్తుంది. ఈ ముద్ర వేసేది ఎవరు? ముద్ర వాళ్ల చేతికి ఎలా వచ్చింది?

వాడి బూట్ల కథే తీసుకుందాం. ఆ నమూనా పేరు సూపర్‌స్టార్. 1969లో బాస్కెట్‌బాల్ ఆడేవాళ్ల కోసం జర్మనీ కంపెనీ అడిడాస్ తెచ్చింది. కొన్నేళ్లకి అవి ఆట మైదానం వదిలి న్యూయార్క్ నల్లవాళ్ల వీధుల్లోకొచ్చాయి. కుర్రాళ్లు లేసులు తీసేసి తొడిగేవారు. జైళ్లలో ఖైదీల బూట్ల లేసులు లాగేసుకుంటారు కాబట్టి, ఆ అలవాటు అక్కణ్ణుంచే వచ్చిందని చెబుతారు. క్వీన్స్ ప్రాంతంలోని ఒక డాక్టరు ఆ బూట్లనీ, అవి వేసుకునే కుర్రాళ్లనీ నేరస్థులతో ముడిపెట్టి పాట కట్టాడు. బూట్లు చూసి మనిషి మీద కేసు రాయడమన్నమాట! గడ్డం చూసి, టోపీ చూసి రాసే కేసులు మనకు తెలియనివా?

అదే క్వీన్స్‌లో హాలిస్ అనే పేట నుంచి రన్-డిఎంసి అనే ముగ్గురు కుర్రాళ్ల జట్టు వచ్చింది. 1986లో వాళ్లు ఆ నిందకి జవాబుగా "మై అడిడాస్" పాడారు. ఈ బూట్లతో మేము దొంగతనాలకి పోలేదు, లోకం తిరిగాం, పాడాం అని దాని సారాంశం. ఆ ఏడే మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో కచేరీ జరుగుతుంటే, వేలమంది తమ బూట్లు విప్పి చేతుల్తో పైకెత్తి పట్టుకున్నారు. కంపెనీ మనిషి ఒకాయన ఆ దృశ్యం చూశాడు. దాని వెంటే దాదాపు పది లక్షల డాలర్ల ఒప్పందం కుదిరింది. ఆటగాళ్లు కాని పాటగాళ్లతో ఒక బూట్ల కంపెనీ అంత పెద్ద ఒప్పందం చేసుకోవడం అదే మొదలు. ఈరోజు "కొలాబ్" అని కుర్రాళ్లు ఎగబడే బూట్లన్నీ ఆ దారిన వచ్చినవే.

ఇది గెలుపా? అవును, గెలుపే. నేరస్థుల గుర్తు అన్నదాన్ని గౌరవంగా మార్చుకున్నారు. అయితే గమనించండి. ఆ బూటుకి గౌరవం తెచ్చింది కంపెనీ కాదు, వీధి. కంపెనీ ఆ గౌరవాన్ని కొనుక్కుని, దాని మీద ముద్ర వేసి, మళ్లీ అదే వీధికి ఎక్కువ ధరకి అమ్మింది. ఇప్పుడు ఆ ముద్ర లేకపోతే మా మేనల్లుడు నకిలీ!

ఇంకో కథ. 1997లో నైకీ కంపెనీ ఒక బూటు మీద "ఎయిర్" అనే మాటని మంటల్లా వంకర్లు తిప్పి రాసింది. అది అరబీలో అల్లాహ్ అనే మాటలా కనబడింది. అమెరికాలోని ముస్లింలు అడిగారు. కంపెనీ క్షమాపణ చెప్పి, 38 వేల జతల దాకా వెనక్కి తీసుకుంది. ఒక ఇస్లామిక్ కేంద్రంలో పిల్లలకి ఆటస్థలం కట్టించడానికి ఒప్పుకుంది. ఇక్కడ నన్ను ఆకట్టుకునేది కోపం కాదు, అడిగిన తీరు. తగలబెట్టలేదు, అడిగారు. జవాబు రాబట్టారు.

కంపెనీలకి మనస్సాక్షి ఉందని దీన్నిబట్టి అనుకోకండి. కాన్యే వెస్ట్ అనే ర్యాపర్ పేరు మీద అడిడాస్ ఏళ్ల తరబడి బూట్లు అమ్మింది. 2022లో అతను యూదుల మీద విషం కక్కితే, ఆ అక్టోబరులో తెగతెంపులు చేసుకుంది. గోదాముల్లో మిగిలిన బూట్లని మాత్రం 2023లో అమ్మింది, కొంత సొమ్ము ద్వేషానికి వ్యతిరేకంగా పనిచేసే సంస్థలకిస్తానని చెప్పి. ఇది చెప్పేటప్పుడు మనం మనల్నీ తడుముకోవాలి. యూదుల్ని తిడితే మనలో కొందరికి అది తిట్టులా వినబడదు. మన మీద పడ్డ రాయి మాత్రమే రాయి అనుకుంటే, రాళ్లు వేసేవాళ్లతో మనకి పేచీ ఏముంది?

మన దగ్గరికొద్దాం. 2014లో బొంబాయి కుర్లా నుంచి నావేద్ షేక్ అనే కుర్రాడు ఒక ఐప్యాడ్ మీద "ఆఫత్" అనే పాట తయారుచేసి వదిలాడు. నేజీ అనే పేరుతో దేశమంతా తెలిసిపోయాడు. అతని బతుకూ, డివైన్ బతుకూ చూసి అల్లిన "గల్లీ బాయ్" సినిమా 2019లో వచ్చింది. హిందీ సినిమాలో చాలాకాలం తర్వాత ఒక ముస్లిం కుర్రాడు బాంబు పట్టుకోకుండా, మైకు పట్టుకుని కనబడ్డాడు. అంతకు కొద్దిగా ముందు, 2018 చివర్లో, హైదరాబాదు నుంచి రుహాన్ అర్షద్ "మియా భాయ్" పాడాడు. కోట్లసార్లు విన్నారు జనం. ఎన్ని సినిమాల్లో నవ్వించడానికే వాడుకున్నారు మన దక్కనీని! అదే యాసని ఆ పిల్లవాడు కాలరెగరేసి పాడాడు. 2020లో అతనే, దీన్ కోసం సంగీతం మానేస్తున్నానని ప్రకటించాడు. కొందరు చప్పట్లు కొట్టారు. కొందరు ఎగతాళి చేశారు. అతని నిర్ణయం అతనిది. దాన్ని కొలిచే తూకం నా దగ్గర లేదు. కానీ, పాడితే దీన్ పోయిందనేవాళ్లూ, మానేస్తే బుద్ధి పోయిందనేవాళ్లూ - ఇద్దరి చేతుల్లోనూ ఉన్నది అదే ముద్ర. అసలు, నకిలీ!

ఇక ఇంకో మాట. తడ దగ్గర మాంబట్టులో అపాచీ అనే కర్మాగారం ఉంది. అక్కడ అడిడాస్ బూట్లు కుడతారు. కుట్టేవాళ్లలో ఎక్కువమంది మన పల్లెల ఆడపిల్లలే. అంటే ఆ "ఒరిజినల్" తెలుగు పిల్లల చేతుల మీదుగా వస్తోంది. దాని మీద వాళ్ల పేరుండదు. పాటగాడి పేరుంటుంది, కంపెనీ పేరుంటుంది. మన దేశంలో ఇది కొత్తేం కాదు. తరతరాలుగా ఊరందరికీ చెప్పులు కుట్టిన కులాన్నే, ఆ చెప్పులు విప్పి చేతబట్టుకుని దొరల వీధి దాటమన్న దేశం మనది. కుట్టినవాడి కాళ్లకి చెప్పులుంటే ఓర్చుకోలేని చూపే, సాయిబు కాళ్లకి ఖరీదు బూట్లుంటే "ఎక్కణ్ణుంచొచ్చాయిరా" అంటుంది. రెండూ ఒకే చూపు.

అయితే, ఇదంతా చెప్పి మావాడి అబద్ధాన్ని మాఫీ చేసెయ్యొచ్చా?

కూడదు. ఇక్కడే మనం సాధారణంగా జారిపోతాం. లోకం మనకి చేసిన అన్యాయం పెద్దది కాబట్టి, మనం చేసే చిన్న మోసాలకి లెక్క లేదనుకుంటాం. కంపెనీ ముద్ర పెద్ద అబద్ధమైతే కావచ్చు. కానీ వాడు మోసం చేసింది కంపెనీని కాదు, అమ్మని. తెల్లారకముందే లేచి ఎవరి గిన్నెలో తోమే అమ్మని. డూప్లికేట్ బూట్లు వేసుకోవడం పేదరికం. అసలువని అమ్మకి చెప్పడం అబద్ధం. ఈ రెంటినీ కలిపేసుకుంటే మన దగ్గర న్యాయం అనే మాటకి బలం ఉండదు.

మరి అరువు తెచ్చుకున్నవన్నీ నకిలీలేనా? ర్యాప్ నల్లవాళ్లది, బూటు జర్మనీది, ఉర్దూ నాకు ఆలస్యంగా వచ్చింది, తెలుగు నాదంటే నవ్వుతారు. అన్నీ తీసేస్తే నా దగ్గర మిగిలేదేమిటి? ఎవరి దగ్గరైనా మిగిలేదేమిటి? కొబ్బరాకు చీపురు తప్ప ఏ వస్తువుకైనా ఒకే ఊరు ఉందా?

ఉర్దూలో ఒక నుడికారం ఉంది - జూతియాఁ సీధీ కర్నా. చెప్పులు సరిచేయడం. పూర్వం ఉస్తాద్ దగ్గర విద్య నేర్చుకునేవాడు, ఆయన బయటికి వచ్చేసరికి చెప్పులు తిన్నగా తిప్పి పెట్టేవాడు. ఒకడి విద్య చూసి, "ఎవరి జూతియాఁ సీధీ చేశావు?" అంటే, ఎవరి దగ్గర నేర్చుకున్నావు అని. నాకు తూకం ఇక్కడ దొరికింది. తెచ్చుకోవడంలో తప్పు లేదు. ఎవరి దగ్గర తెచ్చుకున్నావో చెప్పు. వాళ్లు దానికోసం ఏం పోగొట్టుకున్నారో తెలుసుకో. ఆ రుణం ఒప్పుకున్నవాడు ఏ ముద్రా లేకపోయినా అసలే. ఒప్పుకోనివాడు, కంపెనీ అయినా సరే, పండితుడైనా సరే, నకిలీ.

వాడికి ఇదంతా చెప్పలేదు. రెండే చెప్పాను. "అమ్మకి నిజం చెప్పు. తర్వాత నీ పాట వినిపించు."

వాడి పాటలో సగం బొంబాయి మాటలున్నాయి. ఎక్కడివి అంటే, "మన మాట పెడితే నవ్వుతారు మామూ" అన్నాడు. నవ్వుతారు. నా చాయ్‌కీ నవ్వారు. నవ్వు మొదటి వినికిడి, అంతే.

మర్నాడు కువైట్‌కి ఫోన్ చేశాడు. నేను అరుగు మీద కూర్చున్నాను. వాడు చెప్పడం వినబడింది. తర్వాత చాలాసేపు ఏమీ వినబడలేదు. మా ఆపా ఏడుస్తోందో, కోపంగా ఉందో తెలియలేదు. చివరికి అంది - "మైకు మంచిదేనా? దాంట్లో కూడా మోసపోయావా?" మళ్లీ కాసేపటికి, "ఇంకోసారి నాకు అబద్ధం చెప్పకు బేటా. నాకిక్కడ నీ మాట తప్ప ఏమీ లేదు," అంది.

తర్వాతి జుమ్మాకి వాడు మళ్లీ అవే బూట్లు వేసుకొచ్చాడు. స్నేహితుడొకడు అడిగితే, "డూప్లికేట్‌రా" అన్నాడు మామూలుగా. నమాజు అయ్యాక అందరికంటే ముందు బయటికొచ్చాడు. పోయిన వారం తనని ఎత్తిపొడిచిన పెద్దాయన చెప్పులు తలోదిక్కూ పడి ఉన్నాయి. వంగి, రెంటినీ దగ్గరికి చేర్చి, ఆయన కాళ్లు పెట్టుకోవడానికి వీలుగా వీధివైపు తిప్పి పెట్టాడు.

పెద్దాయన చూశాడు. ఏమీ అనలేదు. చెప్పులు తొడుక్కుని, వాడి భుజం మీద చెయ్యి వేసి మెట్లు దిగాడు.