బరువెక్కిన చేయి

అమాలేకీయులతో యుద్ధము జరిగిన నాడు మోషే చేతులు బరువెక్కెను (నిర్గమ 17:12). చేతి సిరలో రక్తము గడ్డకట్టిన వారికి అట్టి బరువు తెలియును. మెడ క్రింది అడ్డ ఎముకకును మొదటి ప్రక్కటెముకకును నడుమ ఇరుకున సాగు సిర, చేయెత్తి పదేపదే శ్రమించువారిలో నలిగి మూసికొనవచ్చును. చేయి వాచి నీలమగును. లండను వైద్యుడు జేమ్స్ పేజెట్ 1875లోనే దీనిని వర్ణించెను.

హెపారిను, వార్ఫరిను గడ్డను కరిగింపవు, పెరుగనీయవు, అంతే. కరిగించు పనిని దేహమే నెలల తరబడి చేసికొనును. సిర తెరచుకొననిచో భుజము చుట్టునున్న చిన్న సిరలు వెడల్పై ప్రక్కదారి యిచ్చును. రొమ్ముమీద కనబడు నీలిరేఖలు అవియే.

వాపు తగ్గగానే, ప్రార్థన ఫలించెనని మాత్రలు మానువారు మన సంఘములలో కలరు. దానిని విశ్వాసమని నేననలేను. గడ్డ విడివడి ఊపిరితిత్తులను చేరినచో ప్రాణాపాయము. మందు సాధారణముగా 3 నెలలైనను సాగవలెను.

అహరోను, హూరు ఆదుకొనగా మోషే చేతులు సూర్యాస్తమయము వరకు నిలుకడగా నుండెను. ఆ 'నిలుకడ'కు హెబ్రీలో మాట ఎమూనా. హబక్కూకులో మనము 'విశ్వాసము' అని అనువదించినదియు అదే.

సహోదరీ, చేతిని దిండుపై ఎత్తి యుంచుకొనుము. ప్రార్థించుము. రాత్రి మాత్ర మరువకుము.