కడవ దింపిన వేళ

1955లో విడుదలయిన 'అర్ధాంగి' చిత్రమున అక్కినేని నాగేశ్వరరావుగారికి తండ్రిగా నటించిన గుమ్మడి వెంకటేశ్వరరావుగారికి అప్పటికి వయస్సు 27 సంవత్సరములు. కుమారుడుగా నటించినవారు ఆయనకంటె పెద్దవారు. మరి రెండేండ్లకు, 1957లో, 'మాయాబజార్'లో ఆయన బలరాముడు. ఆ బలరామునకు తమ్ముడగు శ్రీకృష్ణుని వేషము ధరించిన నందమూరి తారకరామారావుగారు కూడ వయస్సున ఆయనకు అన్నయే. తెల్లవెండ్రుకలు, ఊతకఱ్ఱ, వణకు గొంతు, కూతురు పెండ్లి కాలేదను దిగులు: ఇవన్నియు ఆయనకు యౌవనముననే అలవాటయినవి. లేని ముసలితనమును అన్నియేండ్లు మోసిన ఆ నటుడు నిజమైన ముసలితనము వచ్చి వాకిట నిలిచినప్పుడు ఏమి చేసెనన్నది ఆలోచింపదగిన విషయము.

ఆయన 1927లో తెనాలి ప్రాంతమున రావికంపాడు గ్రామమున జన్మించిరి. 1950లో 'అదృష్టదీపుడు'తో చిత్రసీమలో అడుగిడిరి. 1962లో మహామంత్రి తిమ్మరుసుగా ఆయన కనబడిన తీరు చూచినవారు ఎవరును మరువలేదు. 1977లో పద్మశ్రీ లభించినది. 1990ల దశకము నడుమ ఆయన కంఠస్వరము దెబ్బతిన్నది. ముఖము ఉన్నది, అభినయము ఉన్నది, పిలుచువారును ఉన్నారు. గొంతు మాత్రము లేదు. "అదెంతపని? వేరొకరిచేత పలికింతము" అనుట చిత్రసీమలో సాధారణమే. తన ముఖమునకు పరుని గొంతు అతికించుకొని నిలువబడుటకు ఆయన మనస్సు ఒప్పలేదు. వచ్చిన వేషములను వలదనిరి.

వృద్ధుడైన నటుడు వలదనినప్పుడు లోకము పలురీతుల వ్యాఖ్యానించును. గర్వమనువారు కొందఱు. బద్ధకమనువారు కొందఱు. దూరప్రయాణము చేయవలసిన వేషమైనచో ఈ మాటలు మఱియు పెరుగును. "రెండు దినముల పని, బండి పంపుదుము, మంచి బస చూపుదుము, రావలసినదే" అని పట్టుపట్టుదురు. ఆ రెండు దినముల పనికి నాలుగు దినముల ప్రయాణమును, పది దినముల అలసటయు తోడగునని పిలుచువానికి తోచదు. ఒకప్పుడు తెలుగు చిత్రసీమ అంతయు చెన్నపట్టణముననే యుండెను. తెనాలినుండి అచటికి రైలుదారిని సుమారు 400 కిలోమీటర్లు. ఇరువదియేండ్ల యువకుడు ట్రంకుపెట్టెపై కూర్చుండి ఆ రాత్రి గడపి, తెల్లవారగనే వేషములకై తిరుగగలడు. ఆ యువకుడే వృద్ధుడైన నాటికి చిత్రసీమ హైదరాబాదునకు తరలిపోయినది. చెన్నపట్టణమున ఇల్లు కట్టుకొన్నవారు మరల మూటముల్లె సర్దుకొనవలసి వచ్చినది. నేడో, ఒక్క పాటకొఱకు సముద్రములు దాటి పోవుదురు.

ఇది నటులకు మాత్రమే సంబంధించిన చిక్కు కాదు. దూరదేశమున ఉన్న కుమారుడు "రమ్ము" అనినప్పుడు విమానమెక్కలేని తండ్రికిని, పొరుగుజిల్లాలో పెండ్లి జరిపింపుమని పిలువబడిన డెబ్బదియేండ్ల పురోహితునకును, ఏటేట తిరుమలకు కాలినడకన పోవు మ్రొక్కున్న ముదుసలికిని ఇదే చిక్కు. అలిపిరి దారిలో మెట్లు 3,550. మోకాలునకు ఆ లెక్క తెలియును, మ్రొక్కునకు తెలియదు.

ఇచట ధర్మశాస్త్రము తెలిసినవారు ఒక ఆక్షేపణ తెత్తురు. అది తేలికగ త్రోసివేయదగినది కాదు. గీతాచార్యుడు పదునెనిమిదవ అధ్యాయమున త్యాగమును మూడు విధములుగా విభజించినాడు. మోహముచే నియతకర్మను విడుచుట తామసము. శరీరమునకు శ్రమ కలుగునను భయముచే విడుచుట రాజసము; దానివలన త్యాగఫలము లభింపదు. కర్మను చేయుచునే సంగమును, ఫలమును విడుచుట సాత్త్వికము. అట్లయినచో "ప్రయాణము చేయలేను, ఈ వేషము నాకు వలదు" అను వృద్ధుని మాట రెండవ కోవలో పడుచున్నది గదా? శరీరశ్రమకు వెఱచి వలదనుటయే గదా?

నేను ఈ ప్రశ్నను చాలదినములు మనస్సున త్రిప్పుకొంటిని. దీనికి సమాధానము శ్లోకవ్యాఖ్యలలో వెదకుటకంటె తిరుమలకొండపై వెదకుట మేలని తోచినది.

భగవద్రామానుజులకు మేనమామయు, ఆచార్యులలో ఒకరును అయిన తిరుమలనంబి శ్రీనివాసునకు తీర్థకైంకర్యము చేయుచుండిరి. ప్రతిదినము ఆలయమునకు సుమారు 5 కిలోమీటర్ల దూరముననున్న పాపవినాశమునకు పోయి, అభిషేకజలమును కడవతో మోసితెచ్చెడివారు. వయస్సు మీరినది, దారి మీరలేదు. ఒకదినము అడవిదారిలో ఒక వేటగాడు ఎదురై, "తాతా, దప్పిక" యని నీరు వేడెను. స్వామికి కొనిపోవు జలము నీకెట్లు ఇత్తునని నంబి ముందుకు సాగెను. వేటగాడు వెనుకనుండి ఆ నీరంతయు త్రాగివేసెను. వట్టి కడవను చూచి ఆ వృద్ధుడు ఎంత కుమిలిపోయెనో ఊహింపుడు. మరల అంతదూరము పోవలెను, అభిషేకసమయము మించిపోవుచున్నది. అప్పుడా వేటగాడు కొండచరియపై బాణము వేయగా జలధార వెలికివచ్చినది. అదియే ఆకాశగంగ. ఇకమీదట ఈ నీరే చాలునని పలికి వేటగాడు అదృశ్యమయ్యెను. ఆకాశగంగ ఆలయమునకు సుమారు 3 కిలోమీటర్లు. నేటికిని అధ్యయనోత్సవములు ముగిసిన పిమ్మట తన్నీరముదు ఉత్సవమున ఈ కథను స్మరింతురు.

ఈ కథను మనము భక్తపరాధీనతకు దృష్టాంతముగ వినుచుందుము. అది సత్యమే. కాని స్వామి చేయనిపనులు రెండు ఇందున్నవి, వానిని గమనింపవలెను. "నంబీ, ముసలివాడవైతివి, ఇంక కైంకర్యము మానుము" అని ఆయన అనలేదు. "కైంకర్యమనగా కైంకర్యమే, పాపవినాశమునకే పొమ్ము" అనియు అనలేదు. కడవను ఆయన భుజముననే ఉంచినాడు. దారిని మాత్రము తగ్గించినాడు. నియతకర్మ యనగా ఒకనాడు నిర్ణయింపబడి కడవఱకు కదలని రాతిగీత కాదని దీనివలన తెలియుచున్నది. 28 ఏండ్ల దేహమునకు నియతమైనది వేఱు, 70 ఏండ్ల దేహమునకు నియతమైనది వేఱు. కొలతలు మార్చినవాడు దేహమిచ్చినవాడే.

అయినను ఒక ముడి మిగిలియున్నది. నంబి తానై అడుగలేదు. స్వామియే వచ్చి తగ్గించెను. నటుడో, తానే వలదనెను. మన మేర మనమే గీచుకొనవచ్చునా? మనస్సు మాయలాడి, మోకాలినొప్పి పేరుతో సోమరితనమును, గౌరవము పేరుతో అహంకారమును దాచగలదు. నాకు తోచిన పరీక్ష ఒక్కటియే. వలదనువాడు దేనికి వెఱచుచున్నాడో చూడవలెను. తన సుఖము పోవునని వెఱచినచో అది రాజసమే, సందేహము లేదు. తాను సమర్పించు వస్తువు చెడునని వెఱచినచో అది వేఱు. వాడినపూవును అర్చకుడు సన్నిధికి తీసికొనిపోడు. దానిని పూలపై అలుక యనము గదా! గుమ్మడివారి నిరాకరణ ఈ రెండవ తెగకు చెందినదని నా నమ్మకము. ఆయన వెఱచినది శ్రమకు కాదు. తన పేరిట తనది కానిది జనులకు అందునని వెఱచిరి.

పల్నాటి వైపును, ప్రకాశము మెట్టపొలముల వైపును మాఘఫాల్గుణములలో పోయి చూడుడు. మిరపకళ్ళములు ఎఱ్ఱతివాచీలవలె పఱచియుండును. వంగి కాయకోయలేని ముదుసలులు ఆ కళ్ళముల ప్రక్క గుడిసెనీడను కూర్చుండి, తెల్లబాఱిన తాలుకాయలను వేఱుచేయుచుందురు. ప్రత్తితీతలో సాళ్ళవెంట నడువలేనివారికి ఈ పని. వారిని పనిమానినవారని ఏ రైతును అనడు. తాలు ఏఱుటకు కన్ను కావలెను. అది వయస్సుతో కుదురుకొన్న కన్ను. ఆకాశగంగను గూర్చి విననివారు కూడ ఆ కళ్ళములో దారి తగ్గించుచునే యున్నారు.

ఇంతవఱకు వ్రాసి ఊరకొన్నచో అన్యాయము చేసినవాడనగుదును. గుంటూరు మండలముననే, 1904లో రేపల్లెలో జన్మించిన చిత్తూరు నాగయ్యగారి మాట చెప్పవలెను. పోతన, 1946లో త్యాగయ్య, 1947లో వేమన: భక్తుడన్న వాడెట్లుండునో తెలుగువారికి కండ్లకు కట్టినవారు ఆయన. 1964లో భక్తరామదాసు చిత్రమును తానే దర్శకత్వము వహించి తీసిరి. 1965లో పద్మశ్రీ వచ్చినది. ఆర్జించినదానిని రెండుచేతుల దానము చేసిరి, చిత్రనిర్మాణమున పోగొట్టుకొనిరి. 1973 డిసెంబరు 30న కన్నుమూయువఱకును, ఒకనాటి స్థాయికి తగని చిన్నచిన్న వేషములు వేయుచునే యుండిరి. ఆయనకు వలదను మాట లేదు. ఇంట బియ్యము ఉన్నవాడు వలదనగలడు. లేనివాడు ఎంత వృద్ధుడైనను, ఎంతదూరమైనను, బండి యెక్కవలసినదే. కనుక నిరాకరణమును పెద్ద గుణముగ పొగడునప్పుడు మనము కొంచెము సిగ్గుపడుట మంచిది. చేతకాని వయస్సున నాగయ్యగారిని నడిపించినది ఆయన ధర్మలోపమా? ఆ చిత్రములకు టిక్కెట్టు కొని, ఆయనను చూచి చేతులు జోడించి, ఇంటికిపోయి మరచినవారిలో మన పెద్దలును ఉన్నారు.

సభలు జరుపువారు కూడ ఈ కథను తమకు అన్వయించుకొనవలెను. వృద్ధుడైన హరికథకుని రాత్రిబస్సులో రప్పించి, మధ్యాహ్నము వఱకు కూర్చుండబెట్టి, ఒక శాలువ కప్పి పంపుట సన్మానమనిపించుకొనదు. ఆయన ఇంటి అరుగుమీదనే పదిమంది కూర్చుండి వినవచ్చును. శక్తిలేనివారు లోనికి రాలేరనియే గదా ఉత్సవమూర్తి పల్లకినెక్కి వీధులలోనికి వచ్చుచున్నాడు!

వలదనుటలో మఱియొక ధర్మమున్నది; అది కాలమునకు సంబంధించినది. పొన్నూరులో వెలసిన భావనారాయణస్వామికి సాక్షి యను పేరెట్లు వచ్చినదో మన ప్రాంతమువారికి చెప్పనక్కఱలేదు. కాశీయాత్రలో ఇచ్చిన మాటను ఇంటికివచ్చి తప్పగా, ఆ మాటకు సాక్ష్యము పలుకుటకు స్వామియే వెంట నడచివచ్చెనని స్థలపురాణము. మొగమాటమున సరేయని, బయానా తీసికొని, తీరా దినము వచ్చినప్పుడు ఒడలు బాగులేదనువాడు తనకొక్కనికే హాని చేయుటలేదు. ఆ దినమున దీపములు పట్టువారు, రంగులు పూయువారు, వంటవారు అందఱి కూలియు ఆయనతో ముడివడియుండును. మొదటనే వలదనుట కఠినముగ వినబడును గాని, దాని వెనుక వారందఱి అన్నము ఉన్నది.

గుమ్మడివారు శాశ్వతముగ తలుపు మూసికొనలేదు. 2008లో జగద్గురు శ్రీ కాశీనాయని చరిత్రలో మరల ఒకసారి కనిపించిరి. అవధూత కథ గనుక పిలుపును కాదనలేకపోయిరేమోయని నేననుకొందును. అది నా ఊహ. 2010 జనవరిలో 'మాయాబజార్'కు రంగులద్దగా, ప్రదర్శనకు పోయి, 30 ఏండ్లు నిండకమునుపు తాను నటించిన బలరాముని 82 ఏండ్ల వయస్సున వర్ణములతో చూచిరి. అదే నెల 26న పరమపదించిరి.

మా నాయనమ్మ ఏటేట మంగళగిరి పోయెడిది. ఎగువసన్నిధిలో పానకాలస్వామి ఎంత పానకము పోసినను సగమే గ్రహించి, సగము తిరిగి ఇచ్చునన్నది లోకప్రసిద్ధము. బిందెడు తెచ్చినను సగమే, చెంబెడు తెచ్చినను సగమే. ఆమెకు మోకాళ్ళు వంగని సంవత్సరము, మేము డోలీ కుదిర్చెదమంటిమి. వలదనెను. దిగువసన్నిధిలో లక్ష్మీనృసింహునియెదుట స్తంభమునకు ఆనుకొని కూర్చుండి, మమ్ము పొమ్మనెను. మేము పైకిపోయి, పానకము సమర్పించి, చెంబుతో దిగివచ్చితిమి. ఆమె చెంబులోనికి తొంగిచూచి, "సగమే ఉంచినాడా?" అని అడిగెను. "సగమే నాయనమ్మా" అంటిమి. "సరే, పోయుడు" అని దోసిలి పట్టెను.